ఊ కొట్టని పిట్టలు

పోయిన వారం పెద్ద సార్ వేలు ఎర్ర బటన్ మీద ఉండగా మనం విడిపోయాం. ఆ వేలు ఇంకా అక్కడే ఉంది. కొండ కింద రేకుల షెడ్డు, ఉదయం ఆరున్నర. బయట ఇరవై నాలుగు పిట్టలు తాళ్ళకు కట్టేసి ఉన్నాయి. పిట్టలంటే ఈకలున్నవి కావు. ఒక్కొక్కటీ గ్యాసు బెలూన్ కింద వేలాడే అరచేతి డబ్బా. అందులో పొగను పసిగట్టే ముక్కు, పక్క పిట్టతో మాట్లాడే చిన్న రేడియో, గాలికి కొట్టుకుపోకుండా ఒక బుల్లి ఫ్యాను, వీటన్నిటినీ సాకే ఒకే ఒక్క బ్యాటరీ. పదకొండు గుట్టల అడవిలో ఎక్కడ పొగ లేచినా ఒక పిట్ట తన పక్కదానికి, అది దాని పక్కదానికి చెప్పుకుంటూ షెడ్డుదాకా కబురు చేర్చాలి. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా గాల్లో ఉండాలి. ఉండట్లేదు. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా బ్యాటరీలు నీరసించి ఒక్కొక్కటే దిగిపోతున్నాయి. సరిగ్గా ఎండ మండి అడవి అంటుకునే వేళకే కాపలా లేకుండా పోతోంది.

ఇవాళ అటవీశాఖ నుంచి పరిశీలకురాలు వచ్చింది. సాయంత్రం ఆరుదాకా పిట్టలు గాల్లో నిలిస్తే పని కొనసాగుతుంది. నిలవకపోతే అన్నిటినీ మూటకట్టి గోదాములో పడెయ్యమని రాసి వెళ్ళిపోతుంది. ఈ పిట్టల్ని చూసుకునే ఇంజనీరుని షెడ్డులో అందరూ పిట్టలమ్మాయి అంటారు, వాళ్ళ నాన్న మాత్రం అమ్మడూ అంటాడు. ఆ అమ్మాయి ఎవరికీ చెప్పకుండా ప్రోగ్రాంలోంచి ఒక్క అక్షరం తీసేసింది. ఆ సంగతి పెద్ద సార్‌కి పిట్టలు ఎగరబోయే క్షణంలో తెలిసింది. ఎర్ర బటన్ నొక్కితే తాళ్ళకు తాళం పడిపోతుంది, ఇవాళ్టికి ఇక ఏ పిట్టా లేవదు.

ఇంతకీ ఆమె తీసేసిన అక్షరం "ఊ".

ఆ ఊ పెట్టింది పెద్ద సారే. కథ చెప్పేవాడికి ఎదురుగా ఊ కొట్టేవాడుండాలి, లేకపోతే వింటున్నాడో గుర్రు పెడుతున్నాడో ఎలా తెలుస్తుందని ఆయన సిద్ధాంతం. ఒక పిట్ట "ఇక్కడ పొగ లేదు" అంటుంది. పక్కది "ఊ" అంటుంది. నాలుగేళ్ళ కిందట కొండమీద ఆ ప్రమాదం జరిగాక ఆయనకి ఒక్క ఊ చాలలేదు. ప్రతి మాటకీ మూడు ఊలు కొట్టాలని రూలు పెట్టాడు. మీటింగుల్లోనూ ఇదే వరస. రెండు వాక్యాలు చెప్పి "వింటున్నారా?" అంటాడు. అందరూ "వింటున్నాం సార్" అనాలి, అనకపోతే మొదటి వాక్యం నుంచి మళ్ళీ మొదలెడతాడు. మనిషి మంచివాడే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని నమ్మడమొక్కటే ఆయన జబ్బు.

"ఎవర్నడిగి తీశావమ్మా?" అన్నాడాయన, వేలు కదపకుండా.

"ఎవర్నీ అడగలేదు సార్. అడిగితే వద్దంటారని."

"తప్పు చేసింది చాలక, పైగా తెలివి!"

"అడక్కపోవడం తప్పే సార్. తియ్యడం మాత్రం తప్పు కాదు."

పరిశీలకురాలు కుర్చీ కాస్త ముందుకు లాక్కుంది. పొద్దున్నే వినోదం దొరుకుతుందని ఆవిడ అనుకుని ఉండదు. పెద్ద సార్ టీ గ్లాసు ఎక్కడో ఒకచోట పెట్టాలి కాబట్టి, బల్ల మీదున్న వైర్‌లెస్ సెట్టు మీద పెట్టి, ఖాళీ అయిన ఆ చెయ్యి కూడా వాదనలోకి దింపాడు.

"సరే, నాకు అర్థమయ్యేలా చెప్పు. పిట్ట పలకలేదనుకో, రెండే కారణాలు. అంతా బాగుండైనా ఉండాలి, అది చచ్చైనా ఉండాలి. ఏది ఏదో నీకెలా తెలుస్తుంది?"

"మౌనం అర్ధాంగీకారం అంటారు కదా సార్."

"అర్ధం! అర్ధం అంటే సగం. మరి మిగతా సగం ఎక్కడుందమ్మా?"

పెద్ద సార్ గెలిచాననుకుని పరిశీలకురాలి వైపు చూశాడు. నిజానికి మంచి ప్రశ్నే. ఈ ప్రశ్న దగ్గరే పిట్టలమ్మాయి కూడా ఆరు నెలలు ఆగిపోయింది. అందుకే జవాబు చెప్పేటప్పుడు ఆమె గొంతులో తడబాటు లేదు.

"పక్కదాని దగ్గరుంది సార్."

"అంటే?"

"మా నాన్న మంచె మీద ఎర్ర గుడ్డ కడతాడు, మీరు చూశారు కదా."

ఆమె తండ్రి పెద్ద గుట్ట మీద అడవి కావలి మనిషి. ఇరవయ్యారేళ్ళుగా అదే మంచె, అదే పని. ఎదురు గుట్ట మీద ఇంకో మంచె, దాని మీద ఇంకో కావలి మనిషి. ఈ అమ్మాయి ఆయన్ని పక్క మంచె మావయ్య అంటుంది. ఇద్దరికీ సెట్లున్నాయి కానీ ఇద్దరూ నోరు విప్పరు. విప్పితే ముత్యాలు రాలిపోతాయని షెడ్డులో జోకు.

"నాన్న పొద్దున్న మంచె ఎక్కగానే గుడ్డ కడతాడు సార్. గంటకోసారి దించి, దులిపి, మళ్ళీ కడతాడు. ఆ గుడ్డ ఆయన కోసం కాదు, ఆయనకి దాంతో పనే లేదు. ఎదురు గుట్ట మీద మావయ్యకి కనపడాలి. మావయ్య గుడ్డ నాన్నకి కనపడాలి. రెండు గుడ్డలూ ఎగురుతున్నంతసేపు ఇద్దరూ కిందికి ఒక్క మాట చెప్పరు. గుడ్డ కనపడకపోతే, లేనివాడు ఎలాగూ చెప్పలేడు, పక్కవాడు చెప్తాడు. నా పిట్టలు కూడా అంతే. ముక్కు నిద్రపోదు. రేడియో మాత్రం పడుకుంటుంది. పది నిమిషాలకోసారి లేచి, గుడ్డ దులిపినట్టు ఒక్క చిటికె వేసి, పక్కవాటి చిటికెలు విని, మళ్ళీ పడుకుంటుంది. రెండుసార్లు పక్కదాని చిటికె వినపడకపోతే అప్పుడు నోరు విప్పి 'పక్కది లేదు' అంటుంది. పొగ కనపడితే మాత్రం ఆ క్షణమే అరుస్తుంది, ఆ అరుపుకి తక్కినవన్నీ లేస్తాయి. మాట్లాడటానికే కాదు సార్, చెవులు రిక్కించుకుని కూర్చోడానికి కూడా బ్యాటరీ ఖర్చవుతుంది. అదంతా మిగుల్తుంది."

"గుడ్డలూ చిటికెలూ!" పెద్ద సార్ గొంతు లేచింది. "నాలుగేళ్ళ కిందట ఏం జరిగిందో నీకు నేను చెప్పాలా? కనుమ మీదున్న పద్నాలుగో పిట్ట మాట్లాడటం మానేసింది. నేను ఈ కుర్చీలోనే ఉన్నా. ఆలస్యమవుతోందేమోనని ఇరవై నిమిషాలు చూస్తూ కూర్చున్నా. ఇరవై నిమిషాలు! మీ నాన్న వెళ్ళి చూసేసరికి కనుమ తగలబడుతోంది. రోజూ ఆయన చెయ్యి చూస్తూ, నిశ్శబ్దం మంచిదని ఎలా అంటున్నావమ్మా?"

తండ్రి ఎడమచేతి వేళ్ళు మూడు ముడుచుకుపోయి తెరుచుకోవని అక్కడ అందరికీ తెలుసు. ఆ మాట ఆమె ముందు ఎవరూ ఎత్తరు. ఆమెకి కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని వారం రోజులుగా సంచిలో ఒక వస్తువు మోస్తోంది. దాన్ని తీసి బల్ల మీద పెట్టి, చుట్టిన గుడ్డ విప్పింది.

ఒక మూల కరిగి, నల్లగా మాడిపోయిన అరచేతి డబ్బా. దాని మీద చెరిగిపోగా మిగిలిన అంకె పద్నాలుగు.

పెద్ద సార్ వేలు బటన్ మీద నుంచి దానంతటదే లేచింది. "ఇది... బూడిదైపోయిందన్నారే!"

"నాన్న తీశాడు సార్. చెయ్యి కాలింది మంటలార్పుతూ కాదు, ఇది తీస్తూ. మా అమ్మాయి చేసింది, మంటల్లో ఎలా వదిలేస్తానన్నాడు. నాలుగేళ్ళు మంచె కింద మేకుకి తగిలించుకున్నాడు. నాకు కూడా చెప్పలేదు. పోయిన నెల నా చేతిలో పెట్టాడు. లోపల గోరంత చిప్పు మాడలేదు. చదివాను."

"ఏముంది?" అడిగింది పరిశీలకురాలు. పొద్దుటినుంచీ ఆవిడ నోరు విప్పడం అదే మొదలు.

పిట్టలమ్మాయి మడిచిన కాగితం తీసింది కానీ చూడలేదు. కంఠతా వచ్చేసింది మరి.

"కనుమ మధ్యలో ఉంటుంది కాబట్టి ఏడు పిట్టల మాటలు దీని మీదుగానే పోయేవి మేడమ్. ఏడింటికీ ఇదే ఊ కొట్టాలి. ఆ రోజు దీని బ్యాటరీ నూటికి తొంభై పాళ్ళు ఊ కొట్టడానికీ, ఊ వినడానికీ పోయింది. ఒంటిగంటా పన్నెండు నిమిషాలకి ఆఖరి ఊ కొట్టింది. పదమూడో నిమిషంలో ఏముందంటే..." ఇక్కడ మాత్రం ఆమె పెద్ద సార్ వైపు తిరిగింది. "'పొగ' అని ఉంది సార్. దాని పక్కనే 'పంపలేదు, శక్తి చాలదు' అని ఉంది. ఇది నిద్రపోలేదు, మోసం చెయ్యలేదు. పొగని చూసింది. ఊ కొట్టి కొట్టి అలిసిపోయి, చెప్పాల్సిన ఆ ఒక్క మాటా నోట్లోనే ఉండిపోయింది."

పెద్ద సార్ కూర్చున్నాడు. నాలుగేళ్ళు ఆయన ఆ పిట్టని తిట్టుకున్నాడు, తనని తాను అంతకన్నా ఎక్కువ తిట్టుకున్నాడు, ఆ బాధ కొద్దీ ఒక ఊని మూడు చేశాడు. ఇప్పుడు తెలిసింది, మందనుకుని పోస్తున్నది జబ్బుకే బలమైందని. ఆయన మీద నాకు చాలా కోపం ఉండేది కానీ, ఆ క్షణంలో ఆయన మొహం చూస్తే మీరు కూడా ఏమీ అనలేరు. అలవాటుగా టీ గ్లాసు కోసం చెయ్యి చాచి ఎత్తాడు.

గ్లాసు ఎత్తగానే వైర్‌లెస్ సెట్టు మాట్లాడింది.

"హమ్మయ్య! ఎవరో పుణ్యాత్ములు బరువు తీశారు."

అందరూ ఉలిక్కిపడ్డారు. ఇంతసేపూ ఆ గ్లాసు సెట్టు బటన్ మీద కూర్చుంది. బటన్ నొక్కి ఉన్నంతసేపు ఇక్కడి మాటలన్నీ అక్కడికి వెళ్తాయి, అక్కడి మాట ఇక్కడికి రాదు. రెండు గుట్టల మీద ఇద్దరు కావలి మనుషులు షెడ్డులోని గొడవంతా మొదటి నుంచీ తీరుబడిగా విన్నారన్నమాట.

"నాన్నా, మొత్తం విన్నావా?"

"వినక చస్తానా? చెవి దగ్గరే అరుస్తుంటే! సార్, మీతో ఒక మాట. చేతి గురించి మీరు పెట్టుకోకండి. ఆ ఇరవై నిమిషాలు మీరే కాదు, నేనూ ఆగాను. కింద చదువుకున్నవాళ్ళున్నారు, వాళ్ళు చూస్తారులే అనుకున్నా. ఆ తప్పు మనిద్దరిదీ, చెరి సగం. ఇంకో మాట." సెట్టులో గాలి హోరు వినిపించింది. ఆయన ఒకేసారి ఇన్ని మాటలు మాట్లాడటం షెడ్డులో ఎవరూ ఎరగరు. "ఇరవయ్యారేళ్ళు ఈ కర్రకి గుడ్డ కడుతున్నా. ఇదీ ఒక పనేనా, కోతినైనా కూర్చోబెట్టొచ్చు అనుకునేవాణ్ణి. ఇవాళ మా అమ్మడు దాన్ని ఇంజనీర్లకి పాఠం చెప్తోంటే విన్నా. నా పనికి కూడా ఒక లెక్కుందని, అందులో తెలివుందని నా కూతురు కనిపెట్టింది. ఇంకేం కావాలి సార్ నాకు? ఎగరనివ్వండి."

పిట్టలమ్మాయి తల వంచుకుని కాగితం మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. ఆమెకి ఒళ్ళంతా గర్వంగా ఉంది. అది దాచుకోవడం చేతకావడం లేదు.

అందరూ పెద్ద సార్ వైపు చూశారు. ఆయన గ్లాసు కింద పెట్టబోయి, ఎక్కడ పెడుతున్నాడో చూసుకుని, జాగ్రత్తగా నేల మీద పెట్టాడు. ఎర్ర బటన్ మీద మూత దించాడు. ఆ తర్వాత ఆయన ఒకే ఒక్క మాట అన్నాడు.

"ఊ."

షెడ్డు రేకులు ఎగిరిపోయేలా నవ్వారు. ఆయనా నవ్వాడు.

ఏడింటికి ఇరవై నాలుగు పిట్టలూ లేచాయి. తర్వాత ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడం ఎంత కష్టమో చూడాలంటే ఆ రోజు పెద్ద సార్‌ని చూడాల్సింది. ఎప్పుడూ ఊలతో గలగలలాడే కంప్యూటర్ తెర ఖాళీగా ఉంటే ఆయనకి కాలు నిలవలేదు. రెండుసార్లు అలవాటు చొప్పున తెరతోనే "వింటున్నారా?" అని, చుట్టూ చూసి దగ్గాడు.

"ఏమీ రావట్లేదేం?" అంది పరిశీలకురాలు పదిన్నరకి.

"అదే మేడమ్ మంచి కబురు."

ఆవిడ అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. పన్నెండింటికి తొమ్మిదో పిట్టని, ఎవరికీ ముందు చెప్పకుండా, ఇక్కణ్ణుంచే ఆపించింది. అందరూ గోడ గడియారం వైపు చూస్తూ నిలబడ్డారు. పంతొమ్మిదో నిమిషంలో ఎనిమిదో పిట్ట, ఆ వెంటనే పదోది, తెర మీద ఒకే మాట అన్నాయి: "పక్కది లేదు". పరిశీలకురాలు తల ఊపి తొమ్మిదోదాన్ని మళ్ళీ లేపమంది. ఆవిడ పెన్ను మూత తీసి ఏదో రాసుకుంది. ఏం రాసిందో చూద్దామని పెద్ద సార్ మెడ చాచాడు, కనపడలేదు.

ఒంటిగంట దాటింది. ఒక్కటి కూడా దిగలేదు. రెండయింది, మూడయింది. షెడ్డులో వాళ్ళు పనున్నా లేకపోయినా బయటికి వెళ్ళి, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని గుట్టల మీద తెల్లటి చుక్కల్ని లెక్కపెట్టి వస్తున్నారు. నాలుగున్నరకి పెద్ద సార్ పిట్టలమ్మాయి కుర్చీ పక్కకి వచ్చి మెల్లిగా అడిగాడు.

"కొత్త పద్నాలుగోది ఎలా ఉందమ్మా?"

"కనుమ మీదే ఉంది సార్. అన్నిటికంటే దానికే బరువెక్కువ కదా. అయినా నూటికి నలభై మూడు మిగిలింది."

"నలభై మూడు!" ఆయన ఆ అంకెని పరిశీలకురాలికి వినపడేలా ఇంకోసారి అన్నాడు. పొద్దున్న బటన్ మీద వేలు పెట్టింది తానే అన్న సంగతి ఆయనకి గుర్తున్నట్టు లేదు. "మా అమ్మాయి మేడమ్. మా షెడ్డులో పనిచేసే అమ్మాయి!"

"పిట్ట కొంచెం, కూత ఘనం అంటారు," అంది పరిశీలకురాలు పిట్టలమ్మాయిని చూసి నవ్వుతూ. "మీవి కూత కూడా దాచుకుంటున్నాయి." ఆరుదాకా ఆగక్కర్లేదన్నట్టు ఆవిడ కాగితాలు ముందుకు జరుపుకుని, సంతకం పెట్టాల్సిన పేజీ తీసింది. గడియారం అయిదూ పది చూపిస్తోంది.

అప్పుడు తెర మాట్లాడింది.

పద్నాలుగో పిట్ట. ఒకే మాట. "పొగ".

నాలుగేళ్ళ కిందట నోట్లో ఉండిపోయిన మాట, అదే కనుమ మీద నుంచి, అదే నంబరు పిట్ట, ఈసారి పైకి చెప్పింది. చెప్పడానికి దానికి ఓపికుంది. పదమూడూ, పదిహేనూ వెంటనే లేచి ఆ మాటే అందుకున్నాయి. పెద్ద సార్ అప్పటికే ఫోనులో అగ్నిమాపక బండిని పిలుస్తున్నాడు. "ఇప్పుడే లేచింది, ఇంకా చిన్నదే, ఇరవై నిమిషాల్లో రండి," అంటున్నాడు. పిట్టలమ్మాయి మొహం వెలిగిపోతోంది. మొదట నాన్నకి చెప్పాలనిపించింది. ఆయన మంచె కనుమకి పైనే. ఆయనకీ ఈపాటికి కనపడే ఉంటుంది.

సెట్టు బటన్ నొక్కింది. "నాన్నా! పద్నాలుగోది చెప్పింది నాన్నా! విన్నావా?"

బటన్ వదిలింది. హోరు.

"నాన్నా?"

హోరు.

నాన్న అంతే కదా, పనుంటే తప్ప పలకడు, పలకలేదంటే అంతా బాగున్నట్టే. పొద్దున్న పదిమంది ముందు ఆమే చెప్పింది. అదే మాట ఇప్పుడు తనకి తాను చెప్పుకుంటూ మూడోసారి బటన్ మీద వేలు పెట్టబోయింది.

ఆమె నొక్కకముందే సెట్టు గరగరలాడింది. నెలల తరబడి నోరు విప్పని పక్క మంచె మావయ్య గొంతు.

"కిందవాళ్ళూ! పక్క మంచె మీద గుడ్డ లేదు."